ఇంటిదొంగ దొరికింది!

ఆ ఇంట్లో రోజూ దొంగతనం జరిగేది. అర్ధరాత్రి పన్నెండు కొట్టగానే మొదలై, రెండుంబావుకల్లా ముగిసేది. తాళం పగిలేది కాదు. తలుపు కిర్రుమనేది కాదు. వీధి కుక్క కూడా మొరిగేది కాదు. పోయేది నగా నట్రా అయితే కదా... ఇంటర్నెట్ డేటా! రోజుకి రెండు జీబీ, తూచినట్టు. విచిత్రం ఏమిటంటే, సరిగ్గా ఆ వేళకి ఆ ఇంటికి రెండు సీసీ కెమెరాలు రెప్ప వేయకుండా కాపలా కాస్తుండేవి.

తణుకుకి కాస్త దూరంగా ఉన్న పల్లె. ముందు అరుగు, వెనక పెరడు ఉన్న పాత పెంకుటిల్లు. అందులో అరవై తొమ్మిదేళ్ల పెద్దావిడ ఒక్కరే ఉంటారు. కొడుకు బెంగళూరులో, కూతురు అమెరికాలోని డాలస్‌లో. భర్త పోయి రెండేళ్లయింది. 'మా దగ్గరికి వచ్చెయ్యమ్మా' అని పిల్లలు అడగడం, 'చూద్దాంలే' అని ఆవిడ అనడం... ఈ రెండేళ్లుగా వారం వారం జరుగుతున్న తంతే. గోదావరి జిల్లాల్లో ఇలాంటి ఇల్లు ఒక్కటైనా లేని వీధి వెతికినా కనపడదేమో!

గత దసరాకి ముందు పక్క వీధిలో తాళం వేసిన ఇంట్లో దొంగలు పడ్డారు. ఇత్తడి గుండిగలు, బిందెలు, గోడ గడియారం పట్టుకుపోయారు. ఆ కబురు ఊళ్లో వాళ్లకంటే ముందు డాలస్ చేరింది. అక్కణ్నుంచి బెంగళూరు చేరింది. పండక్కి వచ్చిన కొడుకు సంచిలో స్వీటు డబ్బాతోపాటు మూడు కెమెరాలూ తెచ్చాడు. ఒకటి వీధి గుమ్మం మీద, ఒకటి పెరట్లోకి చూసేలా వెనక వసారాలో. మూడోది హాల్లో పెడతానంటే పెద్దావిడ ఒప్పుకోలేదు. 'నేను నిద్రపోతుంటే చూడ్డానికి అదేవన్నా సినిమానా?' అన్నారు. అది డబ్బాలోనే బీరువా పైకి చేరింది.

కెమెరాలకి నెట్ కావాలి. ఫైబర్ కేబుల్ ఊరి మెయిన్ రోడ్డు దాకా వచ్చి ఆగిపోయింది. అందుకని సిమ్ వేసుకునే చిన్న 4జీ హాట్‌స్పాట్ డబ్బా ఒకటి కొని, కిటికీలో సిగ్నల్ బాగా వచ్చే చోట పెట్టాడు. రోజుకి రెండు జీబీ ప్లాను. అర్ధరాత్రి దాటగానే కొత్త రెండు జీబీ ఖాతాలో పడతాయి. అయిపోతే నెట్ ఆగిపోదు గానీ, వేగం 64 కేబీపీఎస్‌కి, అంటే నత్తనడకకి పడిపోతుంది. 'ఒక్క మనిషికి రోజుకి రెండు జీబీ ఎందుకురా, మిగిలిపోతాయి' అని ఆవిడే అన్నారు కూడా.

మిగల్లేదు సరికదా, మర్నాడు పొద్దునకే లేవు.

ఆగిపోయిన కథ

పొద్దున్న ఏడున్నర అంటే ఆ ఇంట్లో పవిత్రమైన వేళ. అప్పటికి డాలస్‌లో రాత్రి తొమ్మిది. అయిదేళ్ల మనవడు పక్క మీద చేరి, తల్లి ఫోను గుండెల మీద పెట్టుకుని ఎదురుచూస్తుంటాడు. అమ్మమ్మ కథ చెప్పాలి. రాజుగారు, ఏడుగురు కొడుకులు, పేదరాశి పెద్దమ్మ... రోజుకింత చొప్పున సాగుతూనే ఉంటుంది. వాడికి తెలుగు వస్తోందంటే ఆ పావుగంట చలవే. ఇంటికి హాట్‌స్పాట్ వచ్చింది కదా అని పెద్దావిడ ఫోన్‌కి వేరే డేటా వేయించడం మానేశారు. ఆ పావుగంటకి కూడా ఆ రెండు జీబీయే దిక్కు.

కెమెరాలు పెట్టిన నాలుగో రోజు నుంచి కథ ముందుకి సాగలేదు. అమ్మమ్మ నోరు తెరిచినట్టే ఉంటుంది, మాట వినపడదు. మాట వినపడేసరికి బొమ్మ కదలదు. మధ్యలో గుండ్రంగా తిరుగుతూ ఒక సున్నా. మూడు రోజులు చూసి వాడు అలిగి, అటు తిరిగి పడుకున్నాడు.

బెంగళూరులో కొడుకు ఆఫీసుకి వెళ్లి, పది గంటలకి కెమెరా యాప్ తెరిస్తే అదే సున్నా. 'కెమెరా పాడైందే' అని అక్కకి మెసేజ్ పెట్టాడు. 'నాకు బ్రహ్మాండంగా కనిపిస్తోందిరా' అని ఆమె జవాబు. తమ్ముడికి చిర్రెత్తుకొచ్చింది. కెమెరా బాగుండి, నెట్ లేదంటే మధ్యలో ఎవరో వాడేస్తున్నట్టేగా!

అనుమానం ముందు తల్లి మీదకే వెళ్లింది. 'అమ్మా, వీడియోలు గానీ చూస్తున్నావా?' ఆవిడ చిన్నబుచ్చుకున్నారు. చూసేది ఒక్క వంటల వీడియో. అదీ ఉప్పు వేసేదాకా చూసి, 'మాకు తెలీదా ఏవిటి' అని ఆపేస్తారు. తర్వాత అనుమానం ఎదురింటి కుర్రాడి మీద పడింది. ఇంటర్ చదువుతున్నాడు. ఆవిడకి బీపీ మాత్రలు తెచ్చిపెట్టేది, గ్యాసుకి ఫోన్ చేసిపెట్టేది వాడే. వైఫై పాస్‌వర్డ్ వాడికి తెలుసు. కొడుకు ఫోన్లోనే వాణ్ని నిలదీశాడు. పాస్‌వర్డ్ మార్పించాడు. కుర్రాడు ఎదురు మాట్లాడలేదు. ఇంటికి రావడం మానేశాడంతే.

పాస్‌వర్డ్ మారినా మర్నాడు పొద్దున్న డేటా లేదు. అయినా కుర్రాడికి 'తప్పు నీది కాదులే' అని ఎవరూ చెప్పలేదు. ఇలాంటి వాటిలో అనుమానం ఫోన్లో చేరినంత తొందరగా క్షమాపణ చేరదు.

రెండుంబావు మెసేజ్

చిక్కుముడి విప్పింది ఊళ్లో కేబుల్ టీవీ చూసుకునే అబ్బాయి. టీవీ డబ్బుల కోసం వచ్చినవాడికి పెద్దావిడ మజ్జిగ ఇచ్చి గోడు చెప్పుకున్నారు. అతను తన ఫోన్లో హాట్‌స్పాట్ పేజీ తెరిచాడు. డేటా అయిపోగానే కంపెనీ పంపే మెసేజ్‌లు ఆ సిమ్‌కే వస్తాయి కాబట్టి, ఆ డబ్బా లోపలే పోగుపడి ఉన్నాయి. ఇన్నాళ్లూ ఎవరూ చూడలేదు. ఒక్కొక్కటే చదివాడు. అన్నీ ఒకే వేళకి... రాత్రి రెండూ పదమూడు, రెండూ పద్నాలుగు, రెండుంబావు.

'మామ్మగారండీ, రాత్రి పన్నెండు తర్వాత మీ కెమెరా ఎవరు చూస్తారండీ?'

'అర్ధరాత్రి ఎవరు చూస్తారయ్యా?'

'ఇక్కడ అర్ధరాత్రేనండీ. అమ్మాయిగారి ఊళ్లో?'

అక్కడ మధ్యాహ్నం ఒంటిగంటన్నర. కూతురి భోజనం వేళ. ఫోనుని కంప్యూటర్ పక్కన నిలబెట్టి, పెరటి కెమెరా లైవ్‌లో పెట్టుకుని, ఒక కన్ను అటు వేసి ఆమె తన పని తాను చేసుకుంటోంది. ఆ వేళకే ఇక్కడ కొత్త డేటా ఖాతాలో పడుతోంది. ఆమె చూస్తున్నంతసేపూ నీళ్లలా పోతోంది. రెండుంబావుకి తెర నిలిచిపోతే 'సరే, సిగ్నల్ పోయినట్టుంది' అనుకుని పక్కన పెట్టేస్తోంది. పెద్దావిడ నిద్ర లేచేసరికి ఆ రోజు కోటా ఖాళీ. అందుకే డాలస్‌కి బ్రహ్మాండంగా కనిపించే కెమెరా బెంగళూరుకి ఎప్పుడూ పాడైపోయినట్టే ఉండేది. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. కేబుల్ అబ్బాయి పట్టేశాడు!

లెక్క కూడా అతనే చెప్పాడు. ఫుల్ హెచ్‌డీ బొమ్మ పంపడానికి ఇలాంటి కెమెరాకి సెకనుకి సుమారు రెండు మెగాబిట్లు కావాలి. ఎనిమిది బిట్లు ఒక బైటు కాబట్టి సెకనుకి పావు ఎంబీ. నిమిషానికి 15 ఎంబీ. గంటకి 900 ఎంబీ. రెండు జీబీ అయిపోవడానికి రెండుగంటల పదమూడు నిమిషాలు. పన్నెండుకి కలుపుకోండి... మెసేజ్ వచ్చిన వేళ వచ్చేస్తుంది. అదే కెమెరాని రోజంతా లైవ్‌లో ఉంచితే 21.6 జీబీ. నెలకి 648 జీబీ. 'అపరిమితం' అని అమ్మే ఇంటి ఫైబర్ ప్లాన్లలో చాలావాటికి నెలకి 3300 జీబీ దగ్గర ఒక గీత ఉంటుంది. ఇలాంటి కెమెరాలు అయిదు పగలూ రాత్రీ లైవ్‌లో ఉంటే ఆ గీత దగ్గరపడుతుంది. ఇక రోజుకి రెండు జీబీ సిమ్ ఏపాటి!

సినిమా చూస్తే డేటా అయిపోతుందని అందరికీ తెలుసు. అది లోపలికి వచ్చే డేటా. కెమెరా బొమ్మ బయటికి వెళ్లే డేటా. రెండూ ఒకే కోటాలోంచి తరుగుతాయన్నది చాలామందికి తట్టదు. పైగా అక్కాతమ్ముళ్లు ఒకేసారి చూస్తే చాలా కెమెరాలు ఇద్దరికీ విడివిడిగా పంపుతాయి. ఖర్చు రెట్టింపు.

చూడటం వేరు... పంపడం వేరు

'మీ కెమెరా చూడ్డానికి డేటా అడగదండీ మామ్మగారూ. పక్కోళ్లకి చెప్పడానికే అడుగుద్ది' అన్నాడు కేబుల్ అబ్బాయి. ఇంత పొదుపుగా ఈ సంగతి ఏ కంపెనీ డబ్బా మీదా రాసి ఉండదు.

నిజమే మరి. ఇంటి కాపలా కెమెరా పుట్టిననాటికి ఇంటర్నెట్టే లేదు. న్యూయార్క్‌లో మేరీ వాన్ బ్రిటన్ బ్రౌన్ అనే నర్సు, ఆమె భర్త ఆల్బర్ట్ బ్రౌన్ కలిసి 1966లో ఇలాంటి ఏర్పాటుకి పేటెంట్ దరఖాస్తు చేసుకున్నారు. 1969లో అది చేతికొచ్చింది. తలుపుకి ఒకదాని కింద ఒకటిగా కన్నాలు, వాటి వెనక పైకీ కిందకీ కదిలే కెమెరా, పడగ్గదిలో టీవీ. గుమ్మంలో ఎవరున్నారో మంచం దిగకుండా చూసుకోవచ్చు. ఆ బొమ్మ ఇల్లు దాటేది కాదు. అలాగే కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం కంప్యూటర్ ల్యాబులో 1991లో కాఫీ పాత్ర ముందు ఒక కెమెరా పెట్టారు. పాత్రలో కాఫీ ఉందో లేదో మెట్లెక్కి వెళ్లి చూడక్కర్లేకుండా! 1993లో అది వెబ్‌లోకి ఎక్కింది. 2001లో ఆపేసేదాకా లోకమంతా చూసింది. అది పంపింది వీడియో కాదు, అప్పుడొకటీ అప్పుడొకటీ నలుపు తెలుపు ఫోటో. కాఫీ ఉందా లేదా తెలియడానికి అది చాలదూ?

పెద్దావిడ ఇంట్లో జరిగిన మరమ్మతు కూడా ఇదే దారిలో. రెండు కెమెరాల్లోనూ 128 జీబీ మెమరీ కార్డులు వేశారు. పగలూ రాత్రీ రాసే కార్డులు తొందరగా అరిగిపోతాయి కాబట్టి, కెమెరాల కోసమే చేసిన గట్టి రకం తీసుకోవాలట. ఫుల్ హెచ్‌డీలో రాస్తే ఆ కార్డులో దాదాపు ఆరు రోజులు పడతాయి. నిండాక పాతది చెరిగి కొత్తది రాసుకుంటుంది. కెమెరాలో హెచ్.264 బదులు హెచ్.265 అనే పద్ధతి ఎంచుకుంటే ఇంచుమించు అదే నాణ్యత సగం చోటులో పట్టి, అటూ ఇటూగా రెట్టింపు రోజులు వస్తాయి. మొదటిది 2003లో, రెండోది 2013లో వచ్చాయి. డబ్బా మీద ఏది ఉందో చూసి కొనడం మంచిది. ఇదంతా కార్డు మీద జరిగే పని కనక డేటా ఖర్చు సున్నా. పెద్దావిడ తన ఇంట్లో కూర్చుని తన ఫోన్లో చూసుకున్నా, చాలా కెమెరాల్లో ఆ బొమ్మ ఇంటి వైఫైలోనే తిరుగుతుంది. సిమ్ దాకా వెళ్లదు.

బయటి ఊరి నుంచి చూడాలంటే? యాప్‌లో హెచ్‌డీ అని ఉన్నచోట ఎస్‌డీ నొక్కడమే. బొమ్మ కాస్త మసగ్గా ఉంటుంది. కానీ అమ్మ అరుగు మీద కూర్చుందా, లేచి వెళ్లిందా తెలియడానికి చీర అంచు లెక్కపెట్టక్కర్లేదు కదా! సెకనుకి 400 కిలోబిట్ల దగ్గర నడిస్తే నిమిషానికి మూడు ఎంబీ. అయిదు నిమిషాలు చూస్తే 15. అన్నిటికంటే జాగ్రత్తపడాల్సింది ఒకటుంది. తీసింది తీసినట్టు కంపెనీ సర్వర్‌కి ఎక్కించే ఏర్పాటు. చందా కట్టి 'ఇరవై నాలుగు గంటల రికార్డింగ్' అని అది తీసుకుంటే, ఎవరూ చూడకపోయినా డేటా పోతూనే ఉంటుంది. సిమ్ మీద నడిచే ఇంటికి అది పనికిరాదు.

కొబ్బరి మట్ట దొంగ

అక్కడితో అయిపోలేదు. డాలస్‌లో చూడటం తగ్గించాక కూడా గాలి వీచిన రోజున డేటా పడిపోయేది. కారణం పెరట్లో కొబ్బరి చెట్టు! కదలిక కనిపిస్తే పదిహేను సెకన్ల క్లిప్పు పంపమని కెమెరాకి చెప్పి ఉంచారు. మట్ట ఊగితే కదలికే. పిల్లి దూకినా కదలికే. రాత్రి కెమెరా చుట్టూ వెలిగే పరారుణ దీపాల దగ్గరికి పురుగులు చేరతాయి. పురుగుల కోసం సాలీడు వచ్చి సరిగ్గా కంటి ముందే గూడు కడుతుంది. దాని పోగు ఒకటి గాలికి ఊగితే, కెమెరా కంటికి అది మనిషంత! ఒక్కో క్లిప్పు నాలుగు ఎంబీల లోపే. రెండు వందలు వస్తే 750 ఎంబీ. కొడుకు ఫోన్లో ఒక్క రాత్రిలోనే అన్ని హెచ్చరికలు వచ్చిన రోజులున్నాయి. 'నాన్నా పులి' కథలోలా, చివరికి అతను ఏదీ తెరిచి చూడటం మానేశాడు. డేటా పోవడం కంటే ఇది ప్రమాదం. నిజంగా ఎవరైనా గోడ దూకిన రోజున చూసే నాథుడుండడు.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఈ కొత్త పద్ధతుల్లో కెమెరా ప్రతి బొమ్మనీ మొత్తంగా పంపదు. కిందటి బొమ్మకీ దీనికీ ఉన్న తేడానే ఎక్కువగా పంపుతుంది. ఖాళీ గోడని చూసే కెమెరాకి పని తక్కువ. ఊగే చెట్టుని చూసే కెమెరాకి తెరిపి ఉండదు. చీకట్లో బొమ్మ మీద గిలగిల్లాడే చుక్కలన్నీ దానికి 'తేడా'లే.

అందుకని కెమెరాని కాస్త కిందికి వంచి, ఆకాశమూ కొబ్బరి మొవ్వులూ తప్పించి, గోడా గేటూ మాత్రం కనిపించేలా తిప్పారు. తెర మీద ఆ రెండు చోట్లకే గీత గీసి, 'ఇక్కడ కదిలితేనే చెప్పు' అన్నారు. 'మనిషైతేనే' అన్న మీట కూడా ఉంటే నొక్కారు. పదిహేను రోజులకోసారి పొడి గుడ్డతో బూజు తుడవడం పనమ్మాయి వంతు. క్లిప్పు బదులు ఫోటో ఒక్కటే పంపేలా మార్చారు.

ఈ ఫోటో సంగతి గట్టిగా చెప్పుకోవాలి. కోటా అయిపోయి వేగం 64 కేబీపీఎస్‌కి పడిపోయాక పది సెకన్ల హెచ్‌డీ క్లిప్పు వెళ్లడానికి అయిదు నిమిషాలు దాటుతుంది. మధ్యలో తెగకపోతే! దొంగలు పడ్డ ఆరు నెలలకి కుక్కలు మొరిగినట్టే. అదే వంద కేబీల ఫోటో అయితే పదమూడు సెకన్లలో చేరుతుంది. అంటే డేటా అయిపోయిన రోజున కూడా కెమెరా పూర్తిగా మూగబోదు.

వెళ్లేముందు కేబుల్ అబ్బాయి కెమెరాల పాస్‌వర్డులు కూడా మార్పించాడు. డబ్బాతో వచ్చిన పాస్‌వర్డే ఉంచేయడం మనవాళ్లకి అలవాటు. 2016లో మిరాయ్ అనే దొంగ ప్రోగ్రాం అలాంటి కెమెరాల్లోకీ, రికార్డర్లలోకీ దూరి, వాటన్నిటినీ ఒక్కుమ్మడిగా ఉసిగొల్పింది. ఆ అక్టోబరు 21న అమెరికాలో పేరున్న వెబ్‌సైట్లు చాలా సేపు తెరుచుకోలేదు. కాపలాకి పెట్టుకున్న కెమెరాలే కిరాయి మూకలయ్యాయి. ఎవరూ చూడకుండానే డేటా కరుగుతుంటే ఈ అనుమానం కూడా పెట్టుకోవాల్సిందే.

అమ్మ వైపు నుంచి...

ఇన్ని మీటల మధ్య అసలు మనిషిని మరిచిపోతాం. కూతురు అన్నేసి గంటలు ఎందుకు చూసేదో తల్లి అడగలేదు. తెలుసు కాబట్టి. రెండేళ్ల కిందట తండ్రి రాత్రి ఒంటిగంట ప్రాంతంలో పెరట్లోకి వెళ్లి పడిపోయారు. తల్లి మొదటి ఫోన్ కూతురికే చేశారు. ఆమె మీటింగులో ఉండి తీయలేదు. తర్వాత ఆమె తిరిగి చేసేసరికి ఇంటి నిండా ఊరు ఉంది. అప్పటినుంచి మధ్యాహ్నం భోజనం వేళ ఆమెకి ముద్ద దిగదు. తల్లి లేచి పెరట్లో లైటు వేయడం, మళ్లీ లోపలికి వచ్చి తీయడం చూశాకే కుదుటపడేది. అందుకే వీధి కెమెరా కాదు, పెరటి కెమెరా.

మరి తల్లికో? ఆ కన్ను అక్కడ ఉందని తెలిశాక పెరట్లో తలారబోసుకోవడం మానేశారు. గచ్చు మీద కాళ్లు చాపుకుని కూర్చునేవారు, అదీ మానేశారు. పూలు కోయడానికి కూడా కొంగు సర్దుకుని వెళ్లడం అలవాటైంది. పిల్లల ముందు పరువేమిటి అనొచ్చు. కానీ తన పెరట్లో తను ఒక్కదాన్నే అనుకుని బతికే హక్కు ఏ వయసుకైనా ఉంటుంది. కెమెరా పెట్టేముందు పెద్దవాళ్లని 'పెట్టమంటారా' అని అడిగే ఇళ్లు తక్కువ. 'ఎటు తిప్పమంటారు' అని అడిగేవి ఇంకా తక్కువ.

లెక్క బయటపడిన ఆదివారం ముగ్గురూ ఫోన్లో మాట్లాడుకున్నారు. కూతురు ఏడ్చింది. 'నీ కథ వేళని నేనే మింగేశానన్నమాట' అంది. 'పోనీలేవే. చూస్తేనే గానీ నీకు నిద్ర పట్టదంటే చూడు. పన్నెండింటికి వద్దు, నా కథ అయ్యాక చూడు' అన్నారు తల్లి. చివరికి ఆ ఇంటికో కొత్త రాజ్యాంగం రాసుకున్నారు. అర్ధరాత్రి నుంచి పొద్దున్న ఎనిమిది దాకా లైవ్ ఎవరూ తెరవకూడదు. ఆ వేళలో మనిషి కదిలితే ఫోటో వస్తుంది, అంతే. తల్లి పెరట్లోకి వెళ్లినప్పుడు ఒకటి, తిరిగి వస్తున్నప్పుడు ఒకటి. రెండోది రాకపోతే నేరుగా ఫోన్ చేయాలి. ఎత్తకపోతే ఎదురింటికి చేయాలి. గచ్చు, బట్టలు ఉతికే చోటు కెమెరాకి కనిపించకూడదు. కరెంటు పోతే హాట్‌స్పాట్ ఆగకుండా చిన్న పవర్‌బ్యాంకు ఉండాలి.

ఎదురింటికి ఫోన్ చేయాలంటే ముందు ఎదురింటివాళ్లతో మాటలుండాలిగా! ఆ పని కొడుకు సంక్రాంతికి వచ్చినప్పుడు చేశాడు. కుర్రాడు లోపలే ఉండి బయటికి రాలేదు. తండ్రి వచ్చి 'ఏదో, చిన్నపిల్లాడండీ' అన్నాడు. కొడుకు తలుపు దాకా వెళ్లి, 'ఒరేయ్, అనుమానపడ్డాను, తప్పయింది' అని నాలుగు ఇళ్లకి వినపడేలా చెప్పాడు. కుర్రాడు ఆ పూట పలకలేదు. నాలుగు రోజులకి బీపీ మాత్రలు తెచ్చి అరుగు మీద పెట్టి వెళ్లాడు. ఇప్పుడు లోపలికే వస్తున్నాడు. కొత్త పాస్‌వర్డ్ చెబితే వద్దన్నాడట.

వేసవిలో పెద్దావిడ నెల రోజులు బెంగళూరు వెళ్తారు. అప్పుడు ఇంటికి తాళమే. ఆంధ్రప్రదేశ్ పోలీసులు ఇలాంటివాళ్ల కోసమే ఎల్‌హెచ్‌ఎంఎస్ అనే ఏర్పాటు తెచ్చారు. యాప్‌లో పేరు నమోదు చేసుకుని ఊరెళ్లేముందు చెబితే వాళ్లే వచ్చి కెమెరా పెట్టడం, లోపల కదలిక ఉంటే కంట్రోల్ రూముకి కబురు వెళ్లడం దాని పద్ధతి. అక్కడా కెమెరా ఊరికే వాగదు. పని పడితేనే నోరు విప్పుతుంది.

ఆ ఇంట్లో ఏడున్నర కథ మళ్లీ పట్టాలెక్కింది. నాలుగో రాకుమారుడు ఇంకా మర్రిచెట్టు కిందే ఉన్నాడు. మనవడు మధ్యమధ్యలో అడ్డం పడి, తనకి నచ్చినట్టు కథ మార్చేస్తున్నాడు. రోజు ముగిసేసరికి డేటా మిగులుతోంది కూడా.

ఈమధ్య ఫైబర్ స్తంభాలు వాళ్ల వీధి మలుపు దాకా వచ్చాయి. కొడుకు హుషారుగా ఫోన్ చేశాడు. 'అమ్మా, నెలలోపు లైను వచ్చేస్తుంది. ఇక రోజంతా లైవ్ పెట్టుకున్నా ఫర్వాలేదు.'

'సరేలే, పెట్టుకుందురుగాని. ముందు ఆ పెరటి కెమెరా ఒక్క పూట గోడ వైపు తిప్పమని కేబులబ్బాయికి చెప్పరా. మునక్కాడలు ముదిరిపోతున్నాయి. నిచ్చెన ఎక్కి కోసుకోవాలి. మీ అక్క చూసిందంటే ఊరుకోదు' అన్నారావిడ.